పాంతెలిస్ పులియోపులోస్: పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి, ఆ పార్టీకే పరాయివాడు

1924 నవంబర్ చివర్లో మొదలై డిసెంబర్ మొదట్లో ముగిసిన ఒక అసాధారణ మహాసభలో గ్రీస్ సోషలిస్టు శ్రామిక పార్టీ పేరు మార్చుకుని గ్రీస్ కమ్యూనిస్టు పార్టీ అయింది. కొత్త పేరుకు కొత్త ప్రధాన కార్యదర్శి కూడా వచ్చాడు. పాంతెలిస్ పులియోపులోస్ వయసు అప్పటికి 24. థీబ్స్ ఊరివాడు, లా చదివినవాడు, పార్టీలో పెద్ద తలకాయల ముందు కుర్రాడు. మూడేళ్లు తిరిగేసరికి అదే పార్టీ ఆయన్ని బయటికి గెంటేసింది. 1943లో ఇటాలియన్ ఆక్రమణ సైన్యం కాల్చి చంపింది. చనిపోయిన తర్వాత కూడా పార్టీ సాహిత్యంలో చాలాకాలం ఆయన పేరు పక్కన 'ద్రోహి', 'లిక్విడేటర్' (అంటే పార్టీనే మూసేయాలనేవాడు) అన్న మాటలే కనిపించేవి.

24 ఏళ్ల కుర్రాడి చేతికి పార్టీ పగ్గాలు ఎలా వచ్చాయి, అంత తొందరగా ఎలా జారిపోయాయి అన్నది గ్రీకు వామపక్ష చరిత్రలో చాలామంది తడిమిన విషయమే. లెనిన్ తర్వాత సోవియట్ పార్టీ దారి మీద ట్రాట్‌స్కీకీ స్టాలిన్‌కీ మధ్య వచ్చిన తగాదా గ్రీస్‌లో ఇలా పేలిందని చెప్పి ముగించడం మామూలు పద్ధతి. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ తగాదా గ్రీస్‌కు చేరకముందే పులియోపులోస్ రాజకీయం తయారైపోయింది. దాన్ని తయారుచేసింది గ్రీస్ టర్కీ నేల మీద చేసిన ఆసియా మైనర్ యుద్ధం. ఆయన్ని పైకి లేపిందీ, చివరికి ఒంటరిని చేసిందీ ఆ యుద్ధం నేర్పిన పాఠమే.

పార్టీ పుట్టుక గురించి కొంచెం. 1918 నవంబర్‌లో పిరేయస్ రేవుపట్నంలో గ్రీస్ సోషలిస్టు శ్రామిక పార్టీ ఏర్పడింది. దాని వెనక అసలు బలం ఏథెన్స్‌ది కాదు, థెస్సలొనీకిది. 1912 దాకా ఒట్టోమన్ సామ్రాజ్యంలో ఉన్న ఆ నగరంలో యూదులే పెద్ద సమాజం. రేవు కూలీలు, పొగాకు కార్మికులు కూడా ఎక్కువగా వాళ్లే. 1909లో అక్కడ అవ్రామ్ బెనరోయా అనే యూదు సోషలిస్టు 'ఫెడరేషన్' పేరుతో సంఘం పెట్టాడు. ఒకే ఊళ్లో యూదులు, బల్గేరియన్లు, గ్రీకులు, టర్కులు కలిసి పనిచేసే చోట పుట్టిన సంఘం కాబట్టి జాతీయవాదం దానికి మొదట్నుంచీ గిట్టదు. గ్రీస్‌లో మిగతా చోట్ల సోషలిస్టులు చిన్న చిన్న బృందాలుగా ఉండేవారు. వీళ్లంతా కలిసి పార్టీ పెట్టారు. 1920లో ఆ పార్టీ మాస్కోలోని మూడవ ఇంటర్నేషనల్‌లో, అంటే ప్రపంచ కమ్యూనిస్టు పార్టీల కూటమి అయిన కామింటర్న్‌లో చేరుతున్నట్టు ప్రకటించి, పేరు చివర కుండలీకరణాల్లో 'కమ్యూనిస్టు' అని తగిలించుకుంది.

అప్పటికే గ్రీకు సైన్యం సముద్రం అవతల ఉంది. 1919 మే నెలలో ప్రధాని వెనిజెలోస్ ప్రభుత్వం బ్రిటన్, ఫ్రాన్స్‌ల అండతో స్మిర్నా నగరంలో సైన్యాన్ని దించింది. ఒట్టోమన్ సామ్రాజ్యం కూలిపోతోంది, ఏజియన్ సముద్రానికి రెండు వైపులా గ్రీకులున్న నేలంతా ఒకే రాజ్యం కావాలి అన్నది అప్పటి గ్రీకు పాలకవర్గం కల. యుద్ధంతో విసిగిన జనం 1920 నవంబర్ ఎన్నికల్లో వెనిజెలోస్‌ను ఓడించారు. సైనికుల్ని ఇంటికి రప్పిస్తామన్న ఆశ చూపి గెలిచిన రాజు పక్షం వాళ్లు, గద్దెనెక్కాక యుద్ధాన్ని ఇంకా లోపలికి, అంకారా దారి దాకా తీసుకుపోయారు. 1921లో సకార్యా నది దగ్గర ఆ దండయాత్ర ఆగిపోయింది. ఆ తర్వాత ఏడాదిపాటు లక్షలమంది సైనికులు అనటోలియా (ఆసియా మైనర్) బయళ్లలో ముందుకూ వెనక్కీ కాకుండా పడి ఉన్నారు. వాళ్లలో కొందరు 1912 బాల్కన్ యుద్ధాల నుంచీ ఏదో ఒక రూపంలో యూనిఫాంలోనే ఉన్నవాళ్లు. పదేళ్ల యుద్ధం అది.

పులియోపులోస్ ఏథెన్స్ విశ్వవిద్యాలయంలో చదువుతూ సోషలిస్టుల్లో చేరాడు. తర్వాత సైన్యంలోకి తీసుకుని ఆ యుద్ధరంగానికే పంపారు. అక్కడ యువ సోషలిస్టులు సైనికుల మధ్య యుద్ధ వ్యతిరేక ప్రచారం మొదలుపెట్టారు. అవతలి కందకంలో ఉన్న టర్కిష్ రైతు మనకు శత్రువు కాడు, మనల్ని ఇద్దర్నీ ఇక్కడికి తోలినవాళ్లే శత్రువులు అన్నది సారాంశం. దొరికితే కోర్టు మార్షల్ తప్పని పని. 1922లో పులియోపులోస్ దొరికిపోయాడు, అరెస్టయ్యాడు. అదే ఏడాది ఆగస్టులో యుద్ధరంగం మొత్తం కూలిపోయింది. సెప్టెంబర్‌లో స్మిర్నా తగలబడింది.

ఈ సమయంలో ఏథెన్స్‌లో పార్టీ నాయకత్వం ఏం చేస్తోందన్నది చూడాలి. 1922 ఫిబ్రవరిలో జరిగిన పార్టీ జాతీయ సమావేశం, పార్టీకి ఇప్పుడు 'దీర్ఘకాల చట్టబద్ధ మనుగడ' దశ అవసరం అని తీర్మానించింది. అంటే గొడవలు పెట్టుకోకుండా, చట్టం గీసిన గీత దాటకుండా మెల్లగా పెరుగుదాం అని. యుద్ధరంగంలో పార్టీ కుర్రాళ్లు ప్రాణాలకు తెగించి కరపత్రాలు పంచుతుంటే, ఇంట్లో పెద్దలు చట్టబద్ధత గురించి తీర్మానాలు రాసుకుంటున్నారు. ఓటమి తర్వాత సైనికులు తిరిగొచ్చి చూసుకునేసరికి, ఆ యుద్ధం గురించి గట్టిగా మాట్లాడే అర్హత పార్టీలో ఎవరికి మిగిలిందో వేరే చెప్పక్కర్లేదు. పాతతరం నాయకులు ఒక్కొక్కరే తప్పుకున్నారు, లేదా తప్పించబడ్డారు. ఫెడరేషన్ పెట్టిన బెనరోయా కూడా పార్టీ బయటే మిగిలిపోయాడు.

తిరిగొచ్చిన సైనికుల చేతిలో ఏమీ లేదు. భూమి ఇస్తామన్నారు, ఇవ్వలేదు. అంగవైకల్యం వచ్చినవాళ్లకు, చనిపోయినవాళ్ల భార్యాబిడ్డలకు పింఛన్లు సరిగా అందలేదు. ఊరూరా మాజీ సైనికుల సంఘాలు వాటంతట అవే పుట్టుకొచ్చాయి. 1924 మే నెలలో ఏథెన్స్‌లో వీటన్నిటి అఖిల గ్రీకు మహాసభ జరిగింది. పులియోపులోస్‌ను సమాఖ్య అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ మహాసభ పింఛన్లు, భూముల డిమాండ్లతో ఆగలేదు. యుద్ధం మీదే యుద్ధం ప్రకటించాలి అన్న నినాదం ఇచ్చింది. ఆ రోజుల్లో గ్రీస్‌లో కమ్యూనిస్టు అనదగ్గ మనిషి వెనక నిజంగా జనం నిలబడ్డ ఉద్యమం ఏదైనా ఉందంటే ఇదే. పార్టీ చిన్నది, సైనికుల ఉద్యమం పెద్దది. అందుకే 1924 చివర్లో పార్టీ ఆ కుర్రాణ్ని నెత్తిన పెట్టుకుంది.

ఇక్కడే మాస్కో రంగంలోకి వస్తుంది. 1924 వేసవిలో జరిగిన కామింటర్న్ అయిదవ మహాసభకు గ్రీస్ నుంచి వెళ్లిన ప్రతినిధుల్లో పులియోపులోస్ ఒకడు, సెరాఫిమ్ మాక్సిమోస్ మరొకడు. పార్టీలన్నిటినీ 'బోల్షెవిక్', అంటే రష్యా పార్టీ, మూసలోకి మార్చాలని తీర్మానించిన మహాసభ అది. బాల్కన్ పార్టీల ముందు దానికంటే కష్టమైన పరీక్ష మరొకటి పెట్టారు. బాల్కన్ దేశాల మధ్య చీలిపోయిన రెండు ప్రాంతాల గురించి 'ఐక్య, స్వతంత్ర మాసిడోనియా, థ్రేస్' అన్న నినాదాన్ని గ్రీస్, యుగోస్లావియా, బల్గేరియా పార్టీలు మూడూ ఎత్తుకోవాలి.

ఆ నినాదం ఎవరి అవసరం? బాల్కన్‌లో అన్నిటికంటే పెద్ద కమ్యూనిస్టు పార్టీ బల్గేరియాది. 1923 సెప్టెంబర్‌లో అది చేసిన తిరుగుబాటు అణచివేతకు గురైంది. బల్గేరియాలో మాసిడోనియా విప్లవ సంస్థకు సాయుధ బలం ఉండేది. ఆ సంస్థలో ఒక భాగాన్ని తమవైపు తిప్పుకుంటే బల్గేరియాలో మళ్లీ ఊపు వస్తుందని మాస్కో లెక్క. ఆ లెక్కలో గ్రీకు పార్టీ ఏమవుతుందన్నది ఎవరికీ పెద్దగా పట్టలేదు.

గ్రీకు పార్టీకి మాత్రం అది చావుబతుకుల సమస్య. 1923 లోజాన్ ఒప్పందం ప్రకారం గ్రీస్, టర్కీలు మతం ఆధారంగా జనాభాను మార్చుకున్నాయి. సుమారు 12 లక్షలమంది శరణార్థులు గ్రీస్‌లోకి వచ్చి పడ్డారు. 1928 జనగణన నాటికి 62 లక్షల దేశ జనాభాలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు శరణార్థే. వీళ్లలో సగానికి పైగా, అంటే ఆరు లక్షలు దాటిన జనాన్ని, ప్రభుత్వం గ్రీకు మాసిడోనియాలోనే స్థిరపరిచింది. తరాలుగా బతికిన నేల మీంచి తరిమేస్తే కట్టుబట్టలతో వచ్చి, కొత్తగా చెక్క గుడిసె వేసుకున్న మనిషి దగ్గరికి కమ్యూనిస్టు కార్యకర్త వెళ్లి, ఈ నేల కూడా గ్రీస్‌ది కాదు, స్వతంత్ర మాసిడోనియాది కావాలి అని చెప్పాలన్నమాట. ఇలా దిక్కులేనివాళ్లే కదా ఆ పార్టీకి సహజంగా దగ్గర కావలసినవాళ్లు! అంతకుముందు పార్టీ కార్యదర్శిగా పనిచేసిన, తర్వాత చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న యానిస్ కొర్దాతోస్ ఈ నినాదాన్ని వ్యతిరేకించాడు. జనాభా పొందికే మారిపోయాక ఈ నినాదానికి కాళ్లెక్కడివి అన్నది ఆ వ్యతిరేకతలోని సారం.

పులియోపులోస్ మాత్రం ఒప్పుకున్నాడు. 1924 చివరి పార్టీ మహాసభ ఆ నినాదాన్ని ఆమోదించింది, దాని బరువు మోయడానికి ఆయన్నే ముందు నిలబెట్టింది. మాస్కో మాట జవదాటలేకపోయాడని దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యొచ్చు. అంతకంటే లోతైన కారణం మరొకటి ఉందనిపిస్తుంది. స్వదేశ జాతీయవాదం పేరుతో జరిగిన మారణహోమాన్ని కళ్లారా చూసి వచ్చినవాడికి, తన దేశం చేతికింద ఉన్న అల్పసంఖ్యాక జాతి హక్కు అడిగితే కాదనడం నోటికి రాదు. ఉత్తర గ్రీస్‌లో స్లావ్ భాష మాట్లాడే రైతులు నిజంగా ఉన్నారు, వాళ్ల మీద వివక్ష కూడా నిజమే. వాళ్ల హక్కుల కోసం నిలబడటం ఒక సూత్రం. కామింటర్న్ పంపిన నినాదం వేరొక దేశపు ఎత్తుగడకు కుట్టిన చొక్కా. రెంటికీ తేడా చూడకపోవడం పులియోపులోస్ రాజకీయ జీవితంలో అతి ఖరీదైన పొరపాటు.

ఖరీదు వెంటనే కట్టాల్సి వచ్చింది. 1925 జూన్‌లో జనరల్ పంగాలోస్ కుట్రతో అధికారం గుంజుకున్నాడు. ఆడవాళ్ల స్కర్టు అంచు నేలకు ఎంత ఎత్తులో ఉండాలో చట్టం చేసినవాడిగా గ్రీకు జనం ఆయన్ని ఇప్పటికీ తలుచుకుంటారు కానీ, ప్రత్యర్థుల విషయంలో అంత నవ్వులాట మనిషేం కాదు. పులియోపులోస్‌తో పాటు 23 మంది మీద దేశం నుంచి మాసిడోనియాను విడగొట్టే ప్రయత్నం చేశారని కేసు పెట్టారు. కోర్టులో ఆయన వెనక్కి తగ్గలేదు. నేరం మోపిన వాదాన్నే బోనులో నిలబడి సమర్థించుకున్నాడు. స్నేహితులూ విరోధులూ ఒకేలా గుర్తుంచుకున్న ప్రసంగం అది. తర్వాత ఏజియన్ సముద్రంలోని ఒక చిన్న ద్వీపానికి పంపేశారు. మనవైపు జనం ఒకప్పుడు అండమాన్ గురించి ఎలా మాట్లాడుకునేవాళ్లో, ఆ కాలపు గ్రీకు వామపక్షవాదులకు ఈ ద్వీపాలు అలాంటివి. ఆ తర్వాత నలభై యాభై ఏళ్లపాటు ఏ ప్రభుత్వం వచ్చినా కమ్యూనిస్టుల్ని పంపడానికి ఒక ద్వీపం సిద్ధంగా ఉండేది.

1926 ఆగస్టులో పంగాలోస్ పడిపోయాడు. నవంబర్‌లో దామాషా పద్ధతిలో ఎన్నికలు జరిగితే కమ్యూనిస్టులకు 10 సీట్లు వచ్చాయి. పార్టీ తొలిసారి చట్టసభలో ఒక బృందంగా కూర్చుంది. బయటికి చూస్తే మంచికాలం. లోపల మాత్రం ఇల్లు రెండుగా చీలుతోంది.

ద్వీపం నుంచి తిరిగొచ్చిన పులియోపులోస్ పదవి నుంచి తప్పుకున్నాడు. 1927 మార్చి మహాసభలో, మాస్కోలో శిక్షణ పొందివచ్చిన ఆంద్రోనికోస్ హైతాస్ వర్గం పార్టీని చేతుల్లోకి తీసుకుంది. అదే ఏడాది పులియోపులోస్, ఆయన సహచరుడు పాస్తియాస్ యాత్సోపులోస్ కలిసి 'కొత్త ఆరంభం' అన్న అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం తెచ్చారు. పార్టీ ఇంకా చదువు, శిక్షణ, అనుభవం లేని పిల్ల పార్టీ అనీ, నోటికొచ్చిన నినాదాలతో పెద్ద సామూహిక పార్టీలా నటించడం మానేసి ముందు సిద్ధాంతం తెలిసిన కార్యకర్తల్ని తయారుచేసుకోవాలనీ వాళ్ల వాదం. నాయకత్వం దీన్ని పార్టీని మూసేయమనే వాదంగా చిత్రించింది. 'లిక్విడేటర్' ముద్ర అక్కడే పడింది. బహిష్కరణ ఖాయమైంది.

నిష్పక్షపాతంగా చూస్తే ఆ విమర్శ సగం న్యాయమే. పార్టీకి సిద్ధాంత జ్ఞానం లేదన్నది ముమ్మాటికీ నిజం. మార్క్స్ రచనలు గ్రీకులో చదువుదామంటే పెద్దగా దొరికేవి కావు. పులియోపులోస్ స్వయంగా 'పెట్టుబడి' గ్రంథాన్ని, మార్క్స్ ఇతర రచనల్ని గ్రీకులోకి అనువదించే పని పెట్టుకున్నాడు. కానీ మూడేళ్ల కిందట వేలమంది మాజీ సైనికుల్ని కదిలించిన మనిషి, ముందు చదువుకుందాం తర్వాత జనంలోకి పోదాం అనే దగ్గరికి వచ్చి ఆగడం విచిత్రం. సైనికుల ఉద్యమం అప్పటికే చల్లబడింది. అదే ఆయన్ని పుస్తకాల వైపు తిప్పి ఉండాలి.

1928 నుంచి 'స్పార్తాకోస్' పత్రిక చుట్టూ పులియోపులోస్‌తో ఒక చిన్న బృందం ఏర్పడింది. ట్రాట్‌స్కీ వాదనలకు దగ్గరగా ఉంది కాబట్టి ట్రాట్‌స్కీ నడిపే అంతర్జాతీయ వామ ప్రతిపక్షం తమను గ్రీకు శాఖగా గుర్తిస్తుందని వీళ్లు ఆశించారు. అది కూడా జరగలేదు. గ్రీస్‌లో అప్పటికే మరో అసమ్మతి బృందం ఉంది. 'మార్క్సిజం ఆర్కైవ్' అన్న పత్రికతో మొదలైంది కాబట్టి వాళ్లను ఆర్కియోమార్క్సిస్టులు అనేవాళ్లు. దిమిత్రిస్ యోతోపులోస్ నాయకత్వంలో వీళ్లు మాస్కో గుర్తింపు ఉన్న అధికారిక కమ్యూనిస్టు పార్టీతో పోటీపడేంత సంఖ్యలో కార్మికుల్ని కూడగట్టారు. రెండు పక్షాల మధ్య వీధుల్లో కత్తులు దూసుకునే దాకా వెళ్లింది. 1930లో ట్రాట్‌స్కీ పక్షం సంఖ్యాబలం ఉన్న ఆర్కియోమార్క్సిస్టులనే ఎంచుకుంది. నాలుగేళ్లు తిరగకుండానే వాళ్లు ట్రాట్‌స్కీని వదిలేశారు. పులియోపులోస్ ఆఖరిదాకా ఆ పక్షానే నిలిచాడు. ఆయన బృందంలో ఎదిగిన మిఖాలిస్ రాప్తిస్, 'పాబ్లో' అన్న మారుపేరుతో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ట్రాట్‌స్కీ వాదుల ప్రపంచ సంస్థ అయిన నాలుగవ ఇంటర్నేషనల్‌కే నాయకుడయ్యాడు.

అధికారిక కమ్యూనిస్టు పార్టీ పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. 1929లో వెనిజెలోస్ ప్రభుత్వం 4229 నంబరు చట్టం తెచ్చింది. సామాజిక వ్యవస్థను కూలదోసే భావాల్ని ప్రచారం చేయడమే నేరం. ఏదో చేసినందుకు కాదు, అనుకున్నందుకు జైలు. ఒకప్పుడు ఉదారవాది అనిపించుకున్న వెనిజెలోస్ చేతి మీదుగానే ఈ చట్టం రావడం గమనించదగ్గ విషయం. పార్టీలో ముఠా తగాదాలు ఎంత ముదిరాయంటే, 1931లో కామింటర్న్ నేరుగా జోక్యం చేసుకుని నికోస్ జాహరియాదిస్‌ను తెచ్చి కూర్చోబెట్టింది. ఆ తొలి కార్యదర్శుల జాబితా చదువుతుంటే ఒక్కరైనా బాగుపడ్డారా అనిపిస్తుంది. ద్వీపాల్లో ఉన్న పులియోపులోస్ బదులు కొంతకాలం పార్టీ నడిపిన ఎలెఫ్తేరియోస్ స్తావ్రిదిస్ తర్వాత కరడుగట్టిన కమ్యూనిస్టు వ్యతిరేకిగా మారాడు. పులియోపులోస్‌ను వెళ్లగొట్టిన హైతాస్ జైలు తప్పించుకుని సోవియట్ యూనియన్ చేరితే, అక్కడ స్టాలిన్ కాలపు ప్రక్షాళనల్లో ప్రాణం పోగొట్టుకున్నాడు. అందరికంటే ఎక్కువకాలం ఏలిన జాహరియాదిస్‌ను కూడా చివరికి సొంత పార్టీయే బహిష్కరించింది. సైబీరియాలోని సుర్గుత్‌లో ప్రవాసంలో ఉంటూ 1973లో చనిపోయాడు.

పులియోపులోస్ పేరు సిద్ధాంతంలో నిలిచింది 1934 నాటి పుస్తకం వల్ల. ఆ ఏడాది జనవరిలో పార్టీ కేంద్ర కమిటీ ప్లీనం ఒక కొత్త అంచనా చేసింది. గ్రీస్‌లో అర్ధ భూస్వామ్య అవశేషాలు మిగిలే ఉన్నాయి, పరాయి పెట్టుబడి మీద ఆధారపడ్డ దేశం ఇది, కాబట్టి రాబోయే విప్లవం ముందు బూర్జువా (పెట్టుబడిదారీ) ప్రజాస్వామిక స్వభావంతో మొదలై, తర్వాత సోషలిస్టు విప్లవంగా మారుతుంది అని. తెలుగు పాఠకులకు ఈ భాష కొత్త కాదు. జాతీయ ప్రజాస్వామిక విప్లవమా, జనతా ప్రజాతంత్ర విప్లవమా, నూతన ప్రజాస్వామిక విప్లవమా అని మన కమ్యూనిస్టు పార్టీలు చీలిన ప్రతిసారీ వినిపించిన చర్చకు వేరు కూడా ఆ కామింటర్న్ పత్రాల్లోనే ఉంది.

పులియోపులోస్ జవాబు సూటిగా ఉంది. గ్రీస్‌లో ఇక కూలదోయడానికి భూస్వామ్యం ఎక్కడుంది? థెస్సలీలోని పెద్ద పెద్ద ఎస్టేట్లు శరణార్థుల రాకతో, భూసంస్కరణలతో ముక్కలైపోయాయి. రైతు చేతికి భూమి వచ్చింది. ఇప్పుడు వాడి మెడకు ఉరి బిగిస్తున్నది భూస్వామి కాదు, బ్యాంకు అప్పు, పొగాకు వ్యాపారి, పడిపోయిన ప్రపంచ మార్కెట్ ధర. 1932లో గ్రీస్ విదేశీ అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. ఆ అప్పుల్లో భాగస్వాములు లండన్ బ్యాంకర్లే కాదు, వాళ్లతో కలిసి వ్యాపారం చేసుకునే గ్రీకు ఓడల యజమానులు, బ్యాంకర్లు కూడా. స్వదేశీ పెట్టుబడిదారుడు పరాయి పెట్టుబడి కింద నలిగిపోతున్న బాధితుడు కాడు, దానికి భాగస్తుడు. అలాంటప్పుడు అతనితో కలిసి ప్రజాస్వామిక దశ పూర్తిచేద్దామని చూస్తే, నడిమధ్యలో చెయ్యిచ్చేది అతనే. కాబట్టి కార్మికవర్గం ముందున్నది సోషలిస్టు విప్లవమే తప్ప మరో మెట్టు లేదు.

ఆర్థిక విశ్లేషణగా చూస్తే 1930ల గ్రీస్ గురించి పార్టీ పత్రాల కంటే ఈ పుస్తకమే నేలకు దగ్గరగా ఉంది. ఎత్తుగడగా చూస్తే సంగతి వేరు. 1936 మే నెలలో థెస్సలొనీకిలో పొగాకు కార్మికుల సమ్మె మీద పోలీసులు కాల్పులు జరిపి పదిమందికి పైగా కార్మికుల్ని చంపారు. ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. అలాంటి క్షణంలో కార్మికులకు కావలసింది విప్లవ స్వభావం మీద తీర్పు కాదు, మిగతా పట్టణాల్లో తోడు నిలిచే సంఘాలు, పేపర్లు, మనుషులు. అవి ఉన్నది అధికారిక కమ్యూనిస్టు పార్టీ దగ్గర. పులియోపులోస్ దగ్గర ఉన్నది కొన్ని వందలకు మించని బృందం.

పార్టీ ఆ శక్తిని ఎలా వాడుకుందన్నదీ ప్రశ్నే. 1936 జనవరి ఎన్నికల్లో వచ్చిన 15 సీట్లతో రెండు పెద్ద బూర్జువా పక్షాల మధ్య తూకం ఎటు మొగ్గాలో తేల్చే స్థానంలో ఉండి, లిబరల్ నాయకుడు సోఫులిస్‌తో రహస్య ఒప్పందం చేసుకుంది. అది బయటపడి పరువు పోయింది. కొద్ది నెలలకే, ఆగస్టు 4న, జనరల్ మెటాక్సాస్ రాజు అండతో నియంతృత్వం ప్రకటించాడు. ఆ రోజుల్లో బూర్జువా మిత్రుడు నడిమధ్యలో చెయ్యిస్తాడన్న పుస్తకం మాట అక్షరాలా రుజువైంది. పుస్తకం రాసినవాడు, దాన్ని తిట్టినవాళ్లు అందరూ ఒకే జైలు బాట పట్టారు.

మెటాక్సాస్ పోలీసులకు ఒక ప్రత్యేక పద్ధతి ఉండేది. దెబ్బలు, ఆముదం, మంచు దిమ్మెలు, ఆ తర్వాత 'పశ్చాత్తాప ప్రకటన' మీద సంతకం. సంతకం చేస్తే విడుదల, పేరు పత్రికల్లో వస్తుంది, ఇక ఉద్యమంలో ఎవరూ నమ్మరు. వేలమంది సంతకం చేశారు. పులియోపులోస్ కొంతకాలం అజ్ఞాతంలో పనిచేసి దొరికిపోయాడు. సంతకం చెయ్యలేదు. నాఫ్ప్లియో పట్టణం పైనున్న అక్రోనాఫ్ప్లియా కోటలో, 1937 నుంచి కమ్యూనిస్టుల కోసమే కేటాయించిన జైల్లో ఉంచారు. అక్కడ కూడా పార్టీ ఖైదీలు ట్రాట్‌స్కీ పక్షం ఖైదీల్ని దూరం పెట్టేవారు. పోలీసోడి ముందు అందరూ ఒకటే, వరండాలో మాత్రం వెలి!

1941 ఏప్రిల్‌లో జర్మన్లు వచ్చారు. గ్రీకు అధికారులు జైళ్లలోని కమ్యూనిస్టుల్ని వదిలెయ్యకుండా, తలుపులు కూడా తెరవకుండా, ఆక్రమణదారులకు అప్పగించారు. ఆ దేశ చరిత్రలో క్షమించడానికి వీల్లేని నిర్ణయాల్లో ఇదొకటి. 1944 మే 1న ఏథెన్స్ దగ్గర కైసరియానిలో జర్మన్లు కాల్చి చంపిన 200 మందిలో ఎక్కువమంది ఈ అక్రోనాఫ్ప్లియా ఖైదీలే.

బయట పార్టీ తన చరిత్రలోనే అతిపెద్ద ఉద్యమాన్ని నిర్మించింది. 1941 సెప్టెంబర్‌లో పుట్టిన జాతీయ విమోచన కూటమి ఈఏఎం, దాని గెరిల్లా సైన్యం ఈఎల్ఏఎస్ కొండల్లో ఊళ్లకు ఊళ్లనే తమ పాలనలోకి తెచ్చుకున్నాయి. వాటికి ఊపిరి దేశభక్తి. ట్రాట్‌స్కీ పక్షం బృందాలు మాత్రం చాలావరకు దూరంగానే ఉన్నాయి. ఇది సామ్రాజ్యవాదుల మధ్య యుద్ధం, మన పని జర్మన్, ఇటాలియన్ సైనికుల్లోని కార్మికులతో చేతులు కలపడం అన్నది వాళ్ల వాదం. అచ్చంగా 1922 పాఠమే ఇది. సొంత దేశం దండెత్తిపోయినప్పుడు ఆ పాఠానికి అర్థం ఉంది, ధైర్యం ఉంది, జనం ఉన్నారు. సొంత దేశాన్ని ఇంకొకడు ఆక్రమించి, 1941-42 చలికాలంలో ఏథెన్స్ వీధుల్లో జనం ఆకలితో రాలిపోతున్నప్పుడు అదే పాఠాన్ని మార్చకుండా వల్లించడం ఎవరి చెవికీ ఎక్కలేదు.

1943 జూన్ మొదట్లో, థెస్సలీ దక్షిణాన కుర్నొవో సొరంగంలో ఇటాలియన్ రైలు ఉండగా ఈఎల్ఏఎస్ గెరిల్లాలు దాన్ని పేల్చేశారు. ప్రతీకారంగా లారిసా శిబిరంలోని ఖైదీల్లోంచి 106 మందిని ఎంచి తెచ్చి జూన్ 6న కాల్చి చంపారు. ఎక్కువమంది పార్టీ సభ్యులు. వాళ్లతో పాటు పులియోపులోస్, ఆయన పక్షం సహచరులు కొందరు. తనను వెలివేసిన పార్టీ నడిపే సైన్యం చేసిన పనికి ప్రతీకారంగా, ఆ పార్టీ సభ్యుల వరసలోనే ఆయన నిలబడ్డాడు. తుపాకులెత్తిన ఇటాలియన్ సైనికులతో ఆయన ఇటాలియన్ భాషలో మాట్లాడాడనీ, ఆ మాటలు విన్న సైనికులు కాల్చడానికి జంకితే పైవాళ్లే ఆ పని చేశారనీ ఆ రోజుల నుంచీ చెప్పుకుంటున్నారు. ఆయన జీవితం తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం ఉండదు. అనటోలియాలో టర్కిష్ సైనికుడి గురించి ఏమనుకున్నాడో, తుపాకీ పట్టిన ఇటాలియన్ గురించి కూడా అదే అనుకున్నాడు. వయసు 43.

ఆయన ముందు పెట్టిన రెండు ప్రశ్నలు మాత్రం పార్టీని వదల్లేదు. మాసిడోనియా నినాదాన్ని 1935లో పార్టీ తనంతట తనే పక్కన పెట్టి, అల్పసంఖ్యాకులకు పూర్తి సమానత్వం అన్న మాటకు మారింది. 1946-49 గ్రీకు అంతర్యుద్ధం ఆఖరి దశలో, పార్టీ నడిపిన గెరిల్లా సైన్యంలో స్లావ్ మాసిడోనియన్ల పాలు బాగా పెరిగాక, 1949 జనవరి ప్లీనంలో స్వయం నిర్ణయాధికారం మాట మళ్లీ ఎత్తింది. గ్రీకు ప్రభుత్వానికి అంతకంటే మంచి ప్రచారాస్త్రం దొరకలేదు. ఏడు నెలలకు గెరిల్లా సైన్యం ఓడిపోయి అల్బేనియా సరిహద్దు దాటింది. 1925లో 24 మందిని బోనెక్కించిన అదే ఆరోపణతో, ఇంకో పాతికేళ్లపాటు వేలమందిని ద్వీపాలకు పంపారు.

రెండో ప్రశ్న, విప్లవం ఎన్ని మెట్లలో అన్నది, తేలడానికి ఇంకా ఎక్కువకాలం పట్టింది. సోవియట్ యూనియన్ కూలిపోయాక, 1996లో జరిగిన 15వ మహాసభలో గ్రీస్ కమ్యూనిస్టు పార్టీ కొత్త కార్యక్రమం ఆమోదించింది. గ్రీస్‌లో రాబోయే విప్లవం సోషలిస్టు విప్లవమే అని అందులో రాసుకుంది. 2013 మహాసభలో మధ్యంతర దశల వాదాన్ని పూర్తిగా వదిలేసింది. ట్రాట్‌స్కీ అన్నా, ఆయన అనుచరులన్నా ఆ పార్టీకి నేటికీ పడదు. తన సొంత దారిలో, సోవియట్ పతనం నుంచి తీసిన పాఠాలతో అక్కడికి చేరింది. 1934 నాటి ఆ పుస్తకాన్ని గ్రీస్‌లో ఇప్పటికీ అచ్చు వేస్తున్నది మాత్రం ఎక్కువగా ట్రాట్‌స్కీ పక్షం చిన్న బృందాలే.